ప్లాను అక్కడ.. ఫోను ఇక్కడ!

నయాపూల్ దాటి చార్మినార్ దారి పట్టినవాళ్లకు పత్తర్‌గట్టీ మొదట్లోనే ఎదురయ్యే పెద్ద కట్టడం మదీనా బిల్డింగ్. కింద బట్టల దుకాణాలు, హోటళ్లు, ఆ ముందు తోపుడు బళ్లు, వాటి మధ్యలోంచి దారి చేసుకుంటూ ఆటోలు. ఆ హడావుడిలో తలెత్తి భవనం పేరు చదివేవాళ్లు తక్కువ. చదివినా, దానికా పేరెందుకు వచ్చిందో అడిగేవాళ్లు ఇంకా తక్కువ.

ఈ భవనం మీద వచ్చే అద్దెలు అరేబియాలోని మదీనా నగరానికి, అక్కడి పేదల సాయానికి వెళ్లేలా ఒకప్పుడు వక్ఫ్ రాశారు. అవును, డబ్బు ఇక్కణ్నుంచే అక్కడికి వెళ్లేది! అరబ్బు నేలలో చమురు సిరి ఇంకా పొంగని రోజులవి. హైదరాబాదే సంపన్న రాజ్యం. నిజాం ప్రభువుల కాలంలో మక్కాలో ఏర్పాటైన రుబాత్‌లు, అంటే యాత్రికుల సత్రాలు, పాత హైదరాబాద్ సంస్థానం జిల్లాల హాజీలకు ఉచిత బస ఇస్తూ వచ్చాయి.

1973 తర్వాత చమురు ధర ఒక్కసారిగా ఎగబాకింది. గాలివాటం మారింది. పాతబస్తీ కుర్రాళ్లు డ్రైవర్లుగా, దర్జీలుగా, ఏసీ మెకానిక్కులుగా, సేల్స్‌మన్లుగా, లెక్కలు రాసేవాళ్లుగా జెద్దాకీ, రియాద్‌కీ, దుబాయ్‌కీ, కువైట్‌కీ విమానం ఎక్కడం మొదలుపెట్టారు. అప్పట్నుంచీ డబ్బు అటునుంచి ఇటు వస్తోంది. డబ్బుతోపాటు ఇంకోటి కూడా రావాలి కదా... గొంతు!

ఆ గొంతు ఎలా వచ్చేదో, ఇప్పుడెలా వస్తోందో చూద్దామనే ఈ పాతబస్తీ ప్రయాణం. ఎందుకంటే వీసా కొట్టించుకుని, టికెట్ చేతికొచ్చాక ఏ ఇంట్లోనైనా మొదటగా తేలాల్సిన ప్రశ్న ఇదే. అక్కడ దిగాక ఏ సిమ్ తీసుకోవాలి? గదికి ఇంటర్నెట్ పెట్టించుకోవాలా, ఫోన్లోని డేటాతో సర్దుకోవాలా? అమ్మతో ఎలా మాట్లాడాలి? వెళ్లేవాడు ఏ కంపెనీ ఎంతకిస్తోంది, ఎన్ని జీబీలు అని లెక్కలేసుకుంటాడు. లెక్క తప్పు కాదుగానీ, సగమే. ప్లాను కొనేది అక్కడ. అది పనిచేయాల్సింది మాత్రం యాకుత్‌పురాలోనో, షాలిబండలోనో ఉన్న ఓ ఇంటి వసారాలో.

క్యాసెట్టులో కబుర్లు

చార్మినార్ నుంచి దక్షిణంగా షాలిబండ, అలియాబాద్, ఫలక్‌నుమా మీదుగా చాంద్రాయణగుట్ట చేరి, ఇంకాస్త ముందుకెళ్తే బార్కస్. ‘బ్యారక్స్’ అన్న ఇంగ్లిష్ మాటే జనం నోట్లో నలిగి బార్కస్ అయింది. నిజాం సైన్యంలోని అరబ్బు సిపాయిలు బస చేసిన చోటిది. వాళ్లలో ఎక్కువమంది మూలాలు యెమెన్‌లోని హద్రమౌత్‌లో ఉన్నాయి. 1948లో సంస్థానం భారత్‌లో కలిశాక ఆ సైన్యం పోయింది, బస మిగిలింది. ఇవాళ్టికీ ఇక్కడి బజార్లో గళ్ల లుంగీలు, ఖర్జూరాలు, అత్తర్లు, గల్ఫ్ నుంచి దిగిన సబ్బులు, దుప్పట్లు కనిపిస్తాయి. కాలమొస్తే బళ్ల నిండా జామపళ్లు. బార్కస్ ‘జాంఫల్’ అంటే నగరంలో ఓ పేరుంది. పొద్దున్నే వేడి వేడి హరీస్. మనం రంజాన్ మాసంలో లొట్టలేసుకు తినే హలీమ్‌కి ఇది పెద్దన్న వరస!

ఇలాంటి చోట గల్ఫ్ అంటే పరాయి దేశం అన్న బెరుకు తక్కువ. అయినా దూరం దూరమే కదా. మొదట్లో ఉత్తరాలే దిక్కు. రాయడం రానివాళ్లు రాయించుకోవాలి, చదవడం రానివాళ్లు చదివించుకోవాలి. ఆ ఇబ్బంది తీర్చింది ఎవరో తెలుసా? టేప్ రికార్డర్. గల్ఫ్ నుంచి ఊరొచ్చేవాడి సామాన్లలో అదే రాజు. అరవై నిమిషాల క్యాసెట్టు అక్కడ కొని, గదిలో తలుపులేసుకుని మాట్లాడి, సెలవు మీద వచ్చే మిత్రుడి చేతికిస్తే చాలు. ఆ మిత్రుడొచ్చిన సాయంత్రం ఇల్లంతా టేప్ రికార్డర్ చుట్టూ చేరేది. పక్కింటివాళ్లూ వచ్చి కూర్చునేవారు.

అదే క్యాసెట్టు తిరగేసి, రెండోవైపు ఇక్కడివాళ్లు మాట్లాడి పంపేవారు. పాప నేర్చుకున్న పద్యమో, సూరానో, మేకపిల్ల అరుపో, వంటింట్లో గిన్నెల చప్పుడో... అన్నీ అందులోకెక్కేవి. రెండువైపులా నిండాక? మళ్లీ మొదటివైపు, పాత మాటల మీదే కొత్త మాటలు. అందుకే ఆ గొంతులు చాలామటుకు ఇప్పుడు ఎవరి దగ్గరా లేవు.

ఇందులో ఓ చిక్కుంది. క్యాసెట్టు ఇంటిల్లిపాదీ వినేది. అత్తగారి ముందు, మరుదుల ముందు మోగే ఆ టేపులో భార్యకని విడిగా ఏం చెప్పగలడు మొగుడు? ‘ఇంట్లో అందరూ జాగ్రత్త’ అన్న మాటలోనే ఆమె తన వాటా వెతుక్కోవాలి. పెళ్లయిన నెలకో, రెణ్నెల్లకో మొగుడు విమానమెక్కిన అమ్మాయిలు ఎంతమందో ఈ గల్లీల్లో. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వద్దాం.

పీపీ నంబరు, పసుపు బోర్డు

ఇంట్లో ఫోను కావాలంటే దరఖాస్తు పెట్టి ఏళ్లకేళ్లు ఎదురుచూడాల్సిన కాలం ఒకటుండేదంటే ఈతరం పిల్లలు నమ్మరు. గల్లీ మొత్తానికి ఒక్క ఇంట్లోనో, ఒక కిరాణా కొట్లోనో ఉండేది. మిగతావాళ్లంతా దాన్నే ‘పీపీ నంబరు’ అని రాసిచ్చేవారు. అక్కణ్నుంచి ఫోనొస్తే ఆ ఇంటి పిల్లాడు పరుగున వచ్చి పిలవాలి. చెప్పులేసుకుని, దుపట్టా సర్దుకుని, ఆయాసపడుతూ అమ్మ చేరేసరికి రెండు నిమిషాలు గడిచిపోయేవి. ఆ రెండు నిమిషాల డబ్బులు అవతలివాడి జేబులోవే. తెలివైనవాళ్లు ‘పది నిమిషాల్లో మళ్లీ చేస్తా, పిలిచి ఉంచండి’ అని పెట్టేసేవారు.

ఎనభైల చివర్లో, తొంభైల్లో పసుపు బోర్డులొచ్చాయి. ఎస్టీడీ, ఐఎస్‌డీ, పీసీవో. అద్దాల గది, లోపల స్టూలు, గోడకు ఎర్రంకెల మీటరు. శామ్ పిట్రోడా, 1984లో పుట్టిన సీ-డాట్ సంస్థ పేర్లు చెప్పుకోకుండా ఆ కథ పూర్తికాదు. కొత్త ఎక్స్ఛేంజీలు పల్లెల దాకా పాకాయి, బూత్‌లు వికలాంగులెందరికో బతుకుతెరువయ్యాయి. రాత్రి పొద్దుపోయాక చార్జీ తగ్గుతుందని బూత్ దగ్గర వరసకట్టి నిలబడ్డ జ్ఞాపకం మీలో చాలామందికి ఉండే ఉంటుంది. ఐఎస్‌డీ సంగతి మాత్రం వేరు. నిమిషానికి పదుల రూపాయలు. ఎర్రంకెలు గిర్రున తిరుగుతుంటే మాట్లాడేవాడి కళ్లు మీటరు మీదే. ‘హల్లో... ఆవాజ్ ఆరీ?’ ‘హౌ, ఆరీ’. గొంతు వినబడుతోందా, ఆ వినబడుతోంది అనుకోవడంతోనే సగం డబ్బు చెల్లు!

అందుకే ఫోను ఎక్కువగా అక్కణ్నుంచే వచ్చేది. శుక్రవారం అక్కడ సెలవు. జుమ్మా నమాజు అయ్యాక టెలిఫోన్ కార్డు పట్టుకుని ఎండలో బూత్ ముందు క్యూ కట్టేవారు. రియాద్ మనకన్నా రెండున్నర గంటలు వెనక, దుబాయ్ గంటన్నర వెనక. అక్కడ మూడైతే ఇక్కడ ఐదున్నరో, నాలుగున్నరో. శుక్రవారం ఆ వేళకి పాతబస్తీ ఇళ్లలో ఎవరూ బయటికి కదిలేవారు కాదు.

ఆ ఫోను రాకపోతే ఏమవుతుందో 1990 ఆగస్టులో తెలిసింది. 2వ తేదీన ఇరాక్ సేనలు కువైట్‌లోకి చొరబడ్డాయి. ఫోన్లు మూగబోయాయి. కొడుకు బతికున్నాడో లేడో తెలీదు. అక్కణ్నుంచి బయటపడి జోర్డాన్ చేరినవాడు ఎవరైనా కబురు పెడితే ఆ ఒక్కడి ద్వారా పదిళ్లకు సమాచారం తెలిసేది. అమ్మాన్ నుంచి విమానాల మీద విమానాలు నడిపి లక్షా డెబ్భైవేలమంది దాకా భారతీయుల్ని వెనక్కి తెచ్చారు. పాతబస్తీలోనే కాదు, కడప జిల్లాలో, కోనసీమలో ఎన్ని ఇళ్లు ఆ వారాలు నిద్ర లేకుండా గడిపాయో!

ఫోను కలవడం వేరు, మాట కలవడం వేరు. అంతకుముందు ఆ తేడా ఇంత గట్టిగా తెలియలేదు.

ఒక రింగిస్తే చేరినట్టు

2002లో అంతర్జాతీయ కాల్స్ మీద వీఎస్ఎన్ఎల్ గుత్తాధిపత్యం పోయింది. ఇంటర్నెట్ ద్వారా విదేశీ కాల్స్‌కి అనుమతి కూడా ఆ ఏడాది ఏప్రిల్‌లోనే వచ్చింది. రేట్లు మెట్లు దిగాయి. 2003లో మొబైల్‌కి ఇన్‌కమింగ్ ఉచితమవడంతో ఇల్లిల్లూ మోగసాగింది. ఇక మనవాళ్ల మిస్డ్‌కాల్ విద్య గురించి చెప్పేదేముంది! ఒక రింగిస్తే క్షేమంగా చేరాను, రెండిస్తే తిరిగి చెయ్యి, మూడిస్తే డబ్బు పంపాను. ఏ కంపెనీ కనిపెట్టని ప్లానిది, పైసా ఖర్చు లేదు.

ఇంటర్నెట్ కేఫ్‌లలో చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, యాహూ మెసెంజర్‌లో, తర్వాత స్కైప్‌లో, తెరమీద గళ్లుగళ్లుగా కదిలే ముఖాల్ని చూసి ఏడ్చిన తల్లుల్ని ఆ కేఫ్ కుర్రాళ్లు అడిగితే చెబుతారు. యాహూ మెసెంజర్ 2018లో మూతపడింది. స్కైప్ 2025 మేలో సెలవు తీసుకుంది. గల్లీల్లోని కేఫ్‌లు అంతకుముందే జిరాక్సు సెంటర్లుగానో, మీసేవా దరఖాస్తులు నింపే కొట్లుగానో మారిపోయాయి. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటాను చవక చేసింది. ఆ ఏడాది నవంబరులోనే వాట్సాప్‌లో వీడియో కాల్ మొదలైంది. ఇంకేం, గోల తీరిపోయిందనుకున్నారు అంతా.

తీరలేదు. ఏ దేశం పద్ధతి ఆ దేశానిది. అసలు ప్లాను ఎంచుకోవడం అన్న చిక్కు ఇక్కడే వస్తుంది.

సౌదీలో ఇంటర్నెట్ కాల్స్ మీద ఉన్న అడ్డంకిని 2017 సెప్టెంబరులో ఎత్తేశారు. అక్కడికెళ్లేవాడు డేటా బాగా వచ్చే ప్రీపెయిడ్ సిమ్ ఒకటి తీసుకుంటే చాలామటుకు పని జరుగుతుంది. యూఏఈలో అలా కాదు. వాట్సాప్‌లో మెసేజ్ వెళ్తుంది, ఫొటో వెళ్తుంది, కాల్ మాత్రం ఏళ్ల తరబడి కలవలేదు. అనుమతి ఉన్న బోటిమ్ లాంటి యాప్‌లు వాడుకోవాలి. 2018 జనవరిలో ఎతిసలాత్ సంస్థ దీనికోసం ఓ ప్లాను పెట్టింది. మొబైల్‌కి నెలకు 50 దిర్హమ్‌లు, ఇంటి ఇంటర్నెట్‌కి వంద. అప్పటి మారకంలో యాభై అంటే దాదాపు 870 రూపాయలు. వెయ్యి దిర్హమ్‌ల జీతగాడికి జీతంలో ఇరవయ్యో వంతు! ఈ రేట్లూ నియమాలూ మారుతూ ఉంటాయి కాబట్టి, ముందే వెళ్లినవాడు రెండేళ్ల కింద చెప్పిన మాట పట్టుకుని బయల్దేరకండి. టికెట్ కొన్న వారంలో మళ్లీ కనుక్కోండి.

‘వీపీఎన్ పెట్టుకో భాయ్, అన్నీ కలుస్తాయి’ అనే సలహాదారుడు ప్రతి గదిలో ఒకడుంటాడు. యూఏఈ చట్టం ప్రకారం ఐపీ చిరునామా మార్చి నేరం చేసినా, నేరాన్ని దాచినా జైలు పడొచ్చు. జరిమానా 5 లక్షల దిర్హమ్‌ల నుంచి 20 లక్షల దాకా. అమ్మతో మాట్లాడ్డం నేరమెలా అవుతుందని వాదించొచ్చు. నిజమే, కానీ ఆ వాదన అక్కడి అధికారి ముందు చేసే పరిస్థితి తెచ్చుకోవడం అనవసరం. ఇటు మన దగ్గరా ఓ గొడవుంది. దుబాయ్ నుంచి వచ్చే కాల్ ఇక్కడి ఫోన్లో మామూలు పదంకెల నంబరులా కనబడుతుంటుంది ఒక్కోసారి. పెట్టెలనిండా సిమ్‌కార్డులు పెట్టి విదేశీ కాల్స్‌ని లోకల్ కాల్స్‌గా దొంగదారి పట్టించే వ్యాపారమది. ఇలాంటి ఎక్స్ఛేంజీలను పాతబస్తీలోనూ పోలీసులు పట్టుకున్న సందర్భాలున్నాయి. చవగ్గా వచ్చే కార్డు కొన్నవాడికి అది తెలీదు పాపం.

ఒంటరిగా వెళ్లి నలుగురితో గది పంచుకునేవాడికి ఇంటి కనెక్షన్ ఎందుకు? ప్రీపెయిడ్ చాలు. భార్యాపిల్లల్ని తీసుకెళ్లి ఫ్లాటు తీసుకున్నవాళ్ల సంగతి వేరు. ఇంటర్నెట్, ల్యాండ్‌లైన్, టీవీ మూడూ కలిపి అమ్ముతారు. సాధారణంగా ఏడాదో, రెండేళ్లో కట్టుబడి ఉండాలి. మధ్యలో మానేస్తే రుసుము కట్టాలి. గల్ఫ్‌లో ఉద్యోగం ఎన్నాళ్లుంటుందో ఎవరు చెప్పగలరు? ల్యాండ్‌లైన్‌కి ఎవరు ఫోన్ చేస్తారు? అక్కడి టీవీ చానళ్లు ఎవరు చూస్తారు? నన్నడిగితే, వీసా గడువుకన్నా పొడుగైన ఒప్పందం ఏదీ సంతకం చెయ్యకూడదు. ఒకవేళ చేస్తే, తిరిగొచ్చేముందు కనెక్షన్ మూయించి, బకాయి లేదన్న కాగితం తీసుకుని మరీ విమానం ఎక్కాలి. అక్కడ సిమ్‌లు గుర్తింపుకార్డుతో ముడిపడి ఉంటాయి. సౌదీలో 2016 నుంచి వేలిముద్ర కూడా పెట్టాలి. మన పేరుమీద సిమ్ తీసి వేరేవాడికిచ్చే స్నేహధర్మం అక్కడ పనికిరాదు.

అమెరికా వెళ్లిన పాతబస్తీ కథ ఇంకో రకం. షికాగోలో డెవాన్ అవెన్యూ చుట్టుపక్కల హైదరాబాదీలు చాలామందే స్థిరపడ్డారు. బిర్యానీ, హలీమ్ బోర్డులు అక్కడా కనిపిస్తాయి. అక్కడ యాప్‌ల మీద ఆంక్షల్లేవు. ఒకప్పుడు కాలింగ్ కార్డు వెనకున్న అంకెలు గీరి, పొడుగాటి నంబరు నొక్కేవారు. 2009లో వొనేజ్ సంస్థ నెలకు పాతిక డాలర్ల లోపు ప్లానులో ఇండియాకి అపరిమిత కాల్స్ ఇచ్చినప్పుడు తెలుగు, హైదరాబాదీ ఇళ్లు ఎగబడి పెట్టించుకున్నాయి. ఎందుకు? ఇక్కడి అమ్మానాన్నల దగ్గర స్మార్ట్‌ఫోన్ లేదు కాబట్టి! మామూలు ల్యాండ్‌లైన్ మోగితే చాలు, ఎత్తి మాట్లాడతారు. కొడుకు దగ్గర ఎంత గొప్ప ఫోనున్నా, ప్లానును నిర్ణయించింది తల్లి చేతిలో ఉన్న పాత ఫోనే. అక్కడ అసలు కష్టం కాలంతో. వాళ్లకి రాత్రి, మనకి పగలు. వాడు ఆఫీసుకెళ్లే హడావుడిలో ఉంటే ఇక్కడ ఇషా నమాజు వేళ.

వసారాలో ఎవరి ఫోను?

ఇప్పుడు ఇంటివైపు చూద్దాం. కుర్రాడు అక్కడ యాభై దిర్హమ్‌లు కట్టి కాల్ కలిపాడు. ఇక్కడ ఎత్తేదెవరు?

చాలా ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ తమ్ముడి చేతిలోనో, కాలేజీకెళ్లే చెల్లెలి చేతిలోనో ఉంటుంది. అమ్మ దగ్గరుండేది బటన్ ఫోను. తమ్ముడు ఇంట్లో ఉంటేనే అన్న కనబడతాడు. వాడు పరీక్ష రాస్తుంటే లేదు, సినిమాకెళ్తే లేదు. అంటే ఏమిటి? పీపీ నంబరు కాలం ఇంకా పోలేదన్నమాట! పక్కింటి ఫోను బదులు తమ్ముడి ఫోను, అంతే. వెళ్లేవాడు తన కోసం కొత్త ఫోను కొనుక్కునే ముందు అమ్మకొకటి కొనాలి. అందులో నాలుగే నాలుగు నంబర్లు ఉండాలి, ఫొటోలతో సహా. అక్షరాలు పెద్దవి చేయాలి. యూఏఈ వెళ్తుంటే అక్కడ అనుమతున్న యాప్ కూడా ఆమె ఫోన్లో వేసి, ప్రయాణానికి వారం ముందు నుంచీ రోజుకోసారి పక్కగదిలోంచి కాల్ చేసి ఎత్తించాలి. పచ్చ బొత్తాం ఏది, ఎర్ర బొత్తాం ఏది, కెమెరా చెవి దగ్గర పెట్టుకోకూడదని... ఇవన్నీ వెళ్లాక ఫోన్లో నేర్పడం అసాధ్యం. ఫోనే కలవనప్పుడు ఫోన్లో ఎలా నేర్పుతారు?

భార్య ఉంటే ఆమెకి వేరే ఫోను, వేరే సిమ్, వేరే రీచార్జి. ఇది విలాసం కాదు. క్యాసెట్టు రోజుల్లో ఆమె వాటా ఏమిటో ఇందాక చెప్పుకున్నాం. ఐఎస్‌డీ బూత్‌లో వెనక నలుగురు నిలబడి ఉండగా ఏం మాట్లాడింది ఆమె? ఇప్పుడైనా స్పీకర్‌లో, అత్తమామల మధ్య, పిల్లల గోలలో మాట్లాడమంటే ఎలా? రెండేళ్లకోసారి ముప్ఫై రోజులు కలిసుండే మొగుడూ పెళ్లాలకి మిగతా ఏడొందల రోజుల కాపురం ఆ తెర మీదే. వాళ్లిద్దరికీ రోజూ తలుపేసుకుని మాట్లాడుకునే పావుగంట కావాలి. ఈ మాట ఏ ప్లాను కరపత్రంలోనూ రాయరు. ఇంట్లో పెద్దవాళ్లు కూడా అనరు. అందుకే రాస్తున్నా.

నిజానికి పాతబస్తీ అమ్మలు తమకు కావలసింది తామే ఎంచుకున్నారు. వాయిస్ మెసేజ్! వేలితో నొక్కిపట్టి, మాట్లాడి, వదిలేయడమే. చదువక్కర్లేదు. కాల్ కలవని దేశంలోనైనా అది చేరుతుంది. వాడు డ్యూటీలో ఉన్నా ఫర్వాలేదు, తిరిగొచ్చాక బస్సులో వింటాడు. ‘తిన్నావా బేటా, ఇవాళ బగారా బైంగన్ చేశా, నువ్వు లేవు’ అన్న ఇరవై సెకన్ల మాట. తిరగేస్తే అదే క్యాసెట్టు కదా! కాకపోతే దీన్ని పట్టుకెళ్లడానికి సెలవు మీద వచ్చే మిత్రుడు అక్కర్లేదు. పాత మాట మీద కొత్త మాట పడదు కూడా. ఫోన్ మార్చినప్పుడు వాటిని దాచుకోవడం ఎలాగో పిల్లలెవరైనా పెద్దవాళ్లకి చూపిస్తే బాగుంటుంది.

కాల్ తెగిపోవడానికి కారణం ఎప్పుడూ గల్ఫ్ కంపెనీయే కానక్కర్లేదు. ఇక్కడ కరెంటు పోతే వైఫై పెట్టె ఆగిపోతుంది. రాతిగోడల పాత ఇళ్లలో లోపలి గదికి సిగ్నల్ అందదు. మేడమీదికెక్కి మాట్లాడాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ మెట్లెక్కగలదా? వైఫై పెట్టెని వీధి గదిలోంచి ఆమె కూర్చునే చోటికి జరిపితే వెయ్యి రూపాయల ఖరీదైన ప్లాను చేయని పని జరుగుతుంది. చిన్న బ్యాటరీ బ్యాకప్ తగిలిస్తే మరీ మంచిది.

ఇంత పట్టింపు దేనికని ఎవరైనా అంటే 2020 గుర్తుచేయాలి. మార్చి నెలాఖరులో అంతర్జాతీయ విమానాలు ఆగిపోయాయి. వందే భారత్ విమానాలు మొదలయ్యేసరికి మే 7. ఆ మధ్య రోజుల్లోనూ, ఆ తర్వాత నెలల్లోనూ తండ్రి జనాజాని కొడుకులు ఫోన్ తెరమీద చూశారు. ఫోను పట్టుకున్న మేనల్లుడి చెయ్యి వణికితే తెర వణికింది. పాతబస్తీలోనూ అంతే, జగిత్యాలలోనూ అంతే, రాయచోటిలోనూ అంతే. యూఏఈలో ఆ రోజుల్లో మరికొన్ని యాప్‌లకి తాత్కాలికంగా దారిచ్చారు. కువైట్‌లో ఇళ్లలో పనిచేసే మన ఆడవాళ్లలో కొందరికి మాత్రం అప్పుడే కాదు, మామూలు రోజుల్లో కూడా ఫోను యజమానురాలి చేతిలోనే ఉంటుంది. వాళ్లకి ఏ ప్లానూ పనికిరాదు. ఎన్ని గంటలకి, వారంలో ఏ రోజున ఫోను చేతికిస్తారో ముందే మాట తీసుకోవడం, భారత రాయబార కార్యాలయం నంబరు కాగితం మీద రాసి బట్టల మధ్య పెట్టుకోవడం... అంతకుమించి చేయగలిగింది కొంచెమే.

ఇక చాలామంది పట్టించుకోని విషయం ఇక్కడి నంబరు. బ్యాంకు ఓటీపీ, ఆధార్, గ్యాస్ బుకింగ్, అన్నీ దానికే. అక్కడికెళ్లి కొత్త సిమ్ వేసుకుని పాతదాన్ని డ్రాయర్లో పడేస్తే కొన్నాళ్లకి ఆ నంబరు చచ్చిపోతుంది, ఇంకెవరికో వెళ్తుంది. రెండు సిమ్‌ల ఫోనులో దాన్ని ఉంచుకుని, రోమింగ్‌లో మెసేజ్ వచ్చేలా వెళ్లేముందే ఏర్పాటు చేసుకోవాలి. ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌వో ఖాతాలున్నవాళ్లు విదేశీ నంబరుతోనే యూపీఐ వాడుకునేందుకు 2023 జనవరిలో పది దేశాలకి అనుమతిచ్చారు. సౌదీ, యూఏఈ, ఖతర్, ఒమన్ అందులో ఉన్నాయి. బ్యాంకును అడిగి చూడొచ్చు.

శుక్రవారం లెక్క కూడా మారింది. 2022 జనవరి నుంచి యూఏఈలో వారాంతం శని, ఆదివారాలయింది. శుక్రవారం ప్రభుత్వ కార్యాలయాలకి సగంపూట. సౌదీలో 2013 నుంచి శుక్ర, శనివారాలు. ఒకే ఇంటి అన్నదమ్ముల్లో పెద్దవాడు రియాద్‌లో, చిన్నవాడు దుబాయ్‌లో ఉంటే అమ్మకి రెండు క్యాలెండర్లు కావాలి.

షాలిబండ వైపు వెనక్కి వస్తుంటే రీచార్జి కొట్లు వరసగా కనబడతాయి. అద్దాల గదిని తీసేసి మొబైల్ కవర్లు వేలాడదీసిన పాత ఎస్టీడీ బూత్‌లు కొన్ని వీటిలో ఉన్నాయి. నెలాఖరున ఇక్కడికి తండ్రులొస్తారు, మడతపెట్టిన కాగితం తీసి నంబరు చదువుతారు. కొట్టువాడు నొక్కుతాడు. ఆ నంబరున్న ఫోను జెద్దాలో ఎవరి జేబులోనో ఉంటుంది. మరో నెలరోజులకి దాని ప్రాణం నిలిచింది. చిల్లర తీసుకుని, కాగితం మళ్లీ మడిచి జేబులో పెట్టుకుని, మగ్రిబ్ అజాన్ వినబడుతుంటే ఆయన మసీదు వైపు నడుస్తాడు.